ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల్లో డిప్రెషన్: దూరం నుంచి కనిపెట్టి వైద్యం చేయించడం ఎలా

“అమ్మ ఈ మధ్య ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఏమైందంటే ఏం లేదంటుంది. నేనేం చేయాలి?” డాలస్ నుంచి రాసేవాళ్లూ, కువైట్ నుంచి రాసేవాళ్లూ, బెంగళూరు నుంచి రాసేవాళ్లూ అడిగేది ఇదే. ఒక్కొక్కరికి విడిగా జవాబు రాసే బదులు, చేయాల్సిన పనులన్నీ వరసగా ఇక్కడ పెడుతున్నాను.

2017-18లో దేశమంతటా వృద్ధుల మీద జరిగిన లాసీ సర్వేలో, అరవై దాటినవాళ్లలో 8.3 శాతం మందికి తీవ్రమైన డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. తమకు ఆ జబ్బుందని డాక్టరు చెప్పగా తెలిసినవాళ్లు మాత్రం 0.8 శాతమే. మిగతావాళ్లంతా “వయసైపోయింది కదా, అంతే” అనుకుని రోజులు నెట్టుకొస్తున్నారన్నమాట. పిల్లలూ అదే అనుకుంటారు. పెద్దవాళ్లకు వచ్చే దిగులు వయసుతో పాటు రావాల్సిందేమీ కాదు. చాలామందిలో అది వైద్యంతో తగ్గుతుంది.

ఒక మాట ముందే చెప్తాను. రోజూ ప్రేమగా ఫోన్ చేయడం మంచిదే గానీ, అది వైద్యం కాదు. మీ పని రెండే: వాళ్లను డాక్టరు దాకా చేర్చడం, చేరాక మధ్యలో వదిలేయకపోవడం.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

• తేదీలు వేసి రాసుకోవడానికి ఒక నోటుబుక్కు, లేదా ఫోన్‌లో నోట్స్. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు.
• అమ్మానాన్నలు వాడుతున్న ప్రతి మందు ఫోటో. మాత్రల అట్టను రెండు వైపులా తీయించండి. మందుల చీటీలుంటే అవి కూడా.
• అరగంటలో ఇంటికి వెళ్లగలిగే ఒక మనిషి.
• మూడు నంబర్లు: మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, వృద్ధుల సాయానికి ఎల్డర్ లైన్ 14567, అంబులెన్సుకు 108. ఇవి విదేశాల నుంచి కలుస్తాయని లెక్కపెట్టుకోవద్దు. అమ్మ ఫోన్‌లోనూ, ఆ దగ్గరి మనిషి ఫోన్‌లోనూ సేవ్ చేయించండి.
• కనీసం మూడు నెలల ఓపిక.

1. ఒక వారం గమనించండి, సలహాలివ్వొద్దు

“ఎలా ఉన్నావమ్మా?” అంటే “బాగానే ఉన్నాంలే, నువ్వెలా ఉన్నావు?” అనే వస్తుంది. ఆ ప్రశ్నతో ఏమీ తెలియదు. దాని బదులు రోజు గురించి అడగండి. పొద్దున ఎన్నింటికి లేచావు? లేచాక ఏం చేశావు? ఇవాళ ఏం వండావు? ఇంటికి ఎవరైనా వచ్చారా? మొన్న చెప్పిన సీరియల్లో తర్వాత ఏమైంది?

జవాబుల్లో ఏం వినాలి? నిన్నటి చారే ఇవాళా వేడిచేసుకోవడం. “ఒక్కదానికి ఏం వండుతాంలే, మజ్జిగ పోసుకుని తిన్నా” అనడం. ఇంటిముందు ముగ్గు మానేయడం. నాన్న పేపర్ మడత విప్పకుండానే పక్కన పడేయడం. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం. మన పెద్దవాళ్లు “మనసు బాగోలేదు” అని చెప్పడం అరుదు. ఒళ్లు నొప్పులు, గుండె దడ, గ్యాసు, తల బరువు, నీరసం అంటారు. డాక్టరు చూసి ఏమీ లేదన్నా అవే మాటలు వారాల తరబడి వస్తుంటే మనసు వైపు కూడా చూడాలి.

ఫోన్ చేసే వేళ కూడా ముఖ్యమే. డిప్రెషన్ ఉన్న చాలామందికి పొద్దున్నే బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. డాలస్‌లో పొద్దున ఆఫీసుకు వెళ్తూ కారులోంచి చేస్తే ఇక్కడ సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో. అంటే మీరు రోజూ వింటున్నది వాళ్ల రోజులోకెల్లా మంచి గంట. ఆ వారం మీ రాత్రి భోజనం అయ్యాక చేయండి, ఇక్కడ ఉదయం ఏడో ఎనిమిదో అవుతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు డ్యూటీ దిగాక చేస్తే ఇక్కడ పడుకునే వేళ దాటిపోతుంది. సెలవు రోజు ఉదయాన్నే ఒకసారి చేయండి. రెండు కాల్స్ వీడియోలో ఉండాలి. జుట్టు, బట్టలు, వెనకాల వంటగది గట్టు మాటల కంటే ఎక్కువ చెప్తాయి.

సాధారణంగా జరిగే పొరపాటు: మొదటి రోజే “వాకింగ్ చెయ్యి, ధ్యానం చెయ్యి, ఊరికే ఆలోచించకు” అని మొదలుపెట్టడం. ఇక రెండో రోజు నుంచి ఏమీ చెప్పరు.

2. రెండు ప్రశ్నలు అడిగి మార్కులు వేయండి

డాక్టర్లు మొదటి వడపోతకు వాడే ప్రశ్నలివి. గడిచిన రెండు వారాల గురించి మాత్రమే అడగాలి.

ఒకటి: ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, ఏం చేసినా సంతోషం అనిపించకపోవడం ఎన్ని రోజులు ఉంది?
రెండు: దిగులుగా, నిరాశగా, మనసు కుంగినట్టు ఎన్ని రోజులు ఉంది?

అసలు లేదంటే 0. కొన్ని రోజులంటే 1. సగానికి పైగా రోజులంటే 2. దాదాపు రోజూ అంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు చూడాల్సిందే. తేదీతో రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దీంతో జబ్బు నిర్ధారణ కాదు. మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టూ కాదు. ముఖ్యంగా నాన్నలు రెండో ప్రశ్నకు “దిగులా? నాకెందుకు?” అని సున్నా వేయించుకుంటారు. మార్కులు ఎలా ఉన్నా బరువు తగ్గడం, నిద్ర చెడడం, చిరాకు పెరగడం కనిపిస్తే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

3. చావు మాట వస్తే దాటేయొద్దు

“ఇంక నాకేం పనుంది, ఆ దేవుడు తీసుకెళ్తే బాగుండు” అనే మాట మన ఇళ్లలో మామూలే. అందుకే అది ప్రమాదంగా మారినప్పుడు కూడా ఎవరూ పట్టించుకోరు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే: మాట తరచు కావడం, “మీకు భారమైపోయాను” అనడం, ఉన్నట్టుండి నగలు పంచడం, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో అడక్కుండానే చెప్పడం, మాత్రలు దాచుకోవడం, ఎన్నాళ్లో కలవరంగా ఉన్న మనిషి ఒక్కసారిగా నిమ్మళంగా మారడం.

నేరుగా అడగండి. “అమ్మా, చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా? ఏదైనా చేసుకోవాలని ఆలోచన వచ్చిందా?” అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం వద్దు. అలా జరగదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ.

అవునంటే:
• ఫోన్ పెట్టకండి. ఇంకో ఫోన్‌తో దగ్గరి మనిషిని ఇంటికి పంపండి. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు.
• ఎక్కువగా ఉన్న మాత్రలు, ఇంట్లో పురుగుమందు ఉంటే అది, ఆ మనిషి తనతో తీసుకెళ్లిపోవాలి. తాళం వేయడం కంటే ఇల్లు దాటించడం మేలు.
• అక్కడి నుంచే 14416కి చేయించండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది.
• ఆ రోజో మర్నాడో సైకియాట్రీ (మానసిక వైద్య) విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే ఇంకేం ఆలోచించకుండా 108.

పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్‌కు, దాని స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో చోటు లేదు.

4. ఒక్క దగ్గరి మనిషిని కుదుర్చుకోండి

పదిమంది చుట్టాలకు చెప్తే ఎవరూ వెళ్లరు, పైగా ఊరంతా తెలుస్తుంది. ఒక్కరు చాలు. పిన్ని కొడుకు కావచ్చు, నాన్న పాత స్నేహితుడు కావచ్చు, పక్కింటి అక్క కావచ్చు. అమ్మకు నచ్చిన మనిషై ఉండాలి. మీకు నచ్చితే సరిపోదు.

ఏం చేయాలో స్పష్టంగా చెప్పండి. “కాస్త చూస్తూ ఉండు తమ్ముడూ” అంటే ఏమీ జరగదు. “మంగళవారం, శుక్రవారం ఇంటికెళ్లి పావుగంట కూర్చో. మాత్రల డబ్బా చూడు. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు తోడెళ్లు” అనండి. ఆటో ఖర్చు, పోయిన కూలి మీరే ఇవ్వండి, మొహమాటపడొద్దు. ఊళ్లో అన్నయ్యో వదినో ఇప్పటికే చూసుకుంటుంటే వాళ్లకు దూరం నుంచి ఆర్డర్లు వేయకండి. ఏ సాయం కావాలో వాళ్లనే అడగండి. చూసుకునేవాళ్లకూ విసుగొస్తుంది, నిద్ర చెడుతుంది. ఏడాదికి పది రోజులైనా వాళ్ల పని మీరు చేస్తే వాళ్లకు ఊపిరాడుతుంది.

ఎవరూ లేరా? 14567కి చేయించండి. మొదట హైదరాబాద్‌లో మొదలై తర్వాత దేశమంతటికీ వచ్చిన వృద్ధుల హెల్ప్‌లైన్ ఇది. ఊరి ఆశా కార్యకర్తతో, ఏఎన్‌ఎంతో మాట్లాడండి. బీపీ, షుగరు చూడడానికి ఎలాగూ వస్తుంటారు.

5. మందుల సంచి తెరవండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే. నన్నడిగితే ఎక్కువ సమయం పెట్టాల్సిందీ ఇక్కడే.

వీడియో కాల్‌లో మాత్రలన్నీ మంచం మీద పరిపించండి. బీపీ మాత్ర, షుగరు మాత్ర, థైరాయిడ్ మాత్ర, మోకాళ్ల నొప్పుల మాత్ర. వాటి మధ్య ఎక్కడో పేరు సగం చిరిగిన చిన్న అట్ట ఉంటుంది. “అదా, నిద్రకి. షాపతను ఇస్తాడు” అంటారు. పేరు చదివించండి. చివర్లో ఆల్ప్రజోలామ్ అనో, క్లోనజెపామ్ అనో ఉండొచ్చు. ఎన్నాళ్లనుంచి వాడుతున్నావంటే “మీ నాన్న పోయినప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చాడు, అప్పట్నుంచి” అని వస్తుంది. ఆల్ప్రజోలామ్‌ను చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా చాలాచోట్ల దొరుకుతూనే ఉంది.

ఇవి డిప్రెషన్‌కి మందులు కావు. నిద్ర పట్టిస్తాయి, పగలు మత్తుగా ఉంచుతాయి, మతిమరుపు పెంచుతాయి. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు తూలిపడి తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత కథ అంతా మారిపోతుంది.

హెచ్చరిక: తెలిసింది కదా అని ఒక్కసారిగా మాన్పించొద్దు. నెలల తరబడి వాడినవాళ్లు హఠాత్తుగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. మీరు చేయాల్సింది ఆ అట్ట సంగతి డాక్టరుకు తప్పకుండా తెలిసేలా చూడడం. మీరు పంపే నిద్ర గమ్మీలు, మూలికల క్యాప్సూల్స్ కూడా అదే జాబితాలో రాయండి.

6. ముందు మామూలు డాక్టరు, రక్త పరీక్షలు

డిప్రెషన్‌లా కనిపించే ఒంటి జబ్బులున్నాయి. థైరాయిడ్ తగ్గితే నీరసం, మందకొడితనం. రక్తం తగ్గినా అంతే. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గవచ్చు. కొన్ని రకాల బీపీ మాత్రలతో రక్తంలో సోడియం అనే లవణం పడిపోతుంది. అందుకని హీమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12, షుగరు, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చేయించాలా అని డాక్టరునడగండి. జిల్లా కేంద్రం దాకా వెళ్లనక్కర్లేదు, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబులు ఇప్పుడు చిన్న పట్నాల్లోనూ ఉన్నాయి.

చెవులూ కళ్లూ చూపించండి. చెవుడొచ్చిన మనిషి నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, మనం దాన్ని విరక్తి అనుకుంటాం.

ఇంకో హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మనుషుల్ని పోల్చుకోలేకపోతున్నా, పగలంతా మగతగా ఉన్నా అది డిప్రెషన్ కాదు. మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియమో, షుగరో, పక్షవాతమో కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మతిమరుపు సంగతి అడుగుతుంటారు. డిప్రెషన్ ఉన్నవాళ్లు “నాకేం గుర్తుండట్లేదే” అని తామే బాధపడతారు. డిమెన్షియా మొదలైనవాళ్లు చాలావరకు తమకేం కాలేదంటారు, చుట్టూ ఉన్నవాళ్లే గమనిస్తారు. రెండూ కలిసి ఉండే అవకాశమూ ఉంది కాబట్టి తేల్చే పని డాక్టరుకే వదిలేయండి.

7. సైకియాట్రిస్టు దగ్గరికి

“నాకేమన్నా పిచ్చా?” అనే మాటకు సిద్ధంగా ఉండండి. వాదనకు దిగితే ఓడిపోతారు. వాళ్లే చెప్పిన బాధతో మొదలుపెట్టండి:

“అమ్మా, మూడు నెలలుగా నిద్ర లేదన్నావు, అన్నం సహించట్లేదన్నావు. రక్త పరీక్షలు చూశారు. ఈ నిద్ర, ఆకలి, దిగులు కలిపి చూసే డాక్టరు సైకియాట్రిస్టు. బీపీకి మాత్ర వేసుకుంటున్నావు కదా, ఇదీ అలాంటిదే. ఒక్కసారి చూపించుకో, నచ్చకపోతే మళ్లీ వెళ్లొద్దు.”

అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. “కళ్ల డాక్టరు” అని చెప్పి బోర్డు ముందు దింపితే ఆ రోజు గడుస్తుందేమో గానీ, ఆ తర్వాత మీ మాట నమ్మరు. ఊళ్లో ఎవరైనా చూస్తారన్నదే భయమైతే పక్క పట్నంలో చూపించండి. అందులో తప్పులేదు.

ఎక్కడ? ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, గుంటూరు జీజీహెచ్, వరంగల్ ఎంజీఎం అలాంటివే. ప్రత్యేకంగా ఈ జబ్బులకే అయితే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. గల్ఫ్‌లో కష్టపడి పంపే డబ్బు ప్రైవేటు ఫీజులకే పోతోందని రాసేవాళ్లకు నా సలహా ఇదే: మొదటిసారి ప్రభుత్వ ఓపీలో చూపించండి. పొద్దున్నే వెళ్లాలి, లైన్లో నిలబడాలి, కానీ మందులు ఉచితంగా ఇస్తారు. ప్రయాణం చేయలేనివాళ్లకు వీడియోలో చూసే డాక్టర్లున్నారు. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనలతో దానికి దారి ఏర్పడింది. అమ్మ ఒప్పుకుని కెమెరా ముందు కూర్చోవాలి, డాక్టరు ఇండియాలో రిజిస్టరైనవారై ఉండాలి. మీ అమెరికా డాక్టరు స్నేహితుడు సలహా ఇవ్వగలడే గానీ ఇక్కడి షాపుకు చీటీ రాయలేడు.

డాక్టరుకు అరపేజీ కాగితం రాసి పంపండి. ఉదాహరణకు ఇలా:

“వయసు 68. భర్త పోయి ఏడాదిన్నర. ఒంటరిగా ఉంటారు. జూన్ నుంచి రాత్రి రెండున్నరకే మెలకువ. బరువు 58 నుంచి 53 కిలోలకు తగ్గారు. గుడికి వెళ్లడం మానేశారు. రెండు ప్రశ్నలకు మార్కులు 5. చావు ఆలోచన అడిగితే లేదన్నారు. బీపీకి, షుగరుకు వాడే మందుల జాబితా వెనకవైపు. నిద్రమాత్ర ఏడాదిగా, చీటీ లేకుండా. పరీక్షల రిపోర్టులు జతచేశాం.”

ఓపీలో డాక్టరుకు దొరికే సమయం తక్కువ. ఈ కాగితం లేకపోతే అదంతా గ్యాసు, మోకాళ్ల గురించే గడిచిపోతుంది.

8. మందు మొదలయ్యాక మొదటి ఆరు వారాలు

సగంమంది చేతులెత్తేసేది ఇక్కడే. మొదటి వారం కడుపులో తిప్పడం, విరేచనాలు, కాస్త ఆందోళన ఉండొచ్చు. గుణం మాత్రం కనిపించదు. “ఈ మందుతో ఇంకా ఎక్కువైంది” అని డబ్బా పక్కన పెట్టేస్తారు. కాబట్టి ముందే చెప్పండి: ఇది తలనొప్పి మాత్ర కాదు, పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పెద్దవయసులో ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు. పెద్దవాళ్లకు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతారు. అందుకని మొదటి నెల ఏమీ మారనట్టే ఉంటుంది.

కనిపెట్టుకోవాల్సినవి:
• తూలడం, అయోమయం, వాంతి వచ్చేటట్టు ఉండడం. డిప్రెషన్ మందులతో కొందరిలో సోడియం తగ్గుతుంది, నీరు పోయే రకం బీపీ మాత్ర వాడేవాళ్లలో మరీను. మందు మొదలైన రెండు మూడు వారాలకు సోడియం ఒకసారి చూడాలా అని డాక్టరునడగండి.
• ఆస్పిరిన్, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. నల్లగా విరేచనమైతే ఆగకుండా చూపించాలి.
• ఒంట్లో ఓపిక మనసు కంటే ముందు తిరిగి రావచ్చు. చావు ఆలోచనలున్న మనిషైతే ఆ వారాల్లో ఇంకాస్త దగ్గరగా ఉండాలి.

“అలవాటైపోతాయట కదా?” అని చుట్టాలు భయపెడతారు. అలవాటయ్యేవి అయిదో మెట్టులో చెప్పిన నిద్రమాత్రలు. డిప్రెషన్ మందులకు అలాంటి వ్యసనం రాదు, అయితే హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగిస్తారు, ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా ఆపాలి. సంక్రాంతికి బాగున్నారని ఉగాదికి మానేస్తే బోనాల నాటికి మళ్లీ మొదటికే వస్తుంది.

వారానికి సరిపడా గళ్లున్న మాత్రల డబ్బా కొనిపించండి. దగ్గరి మనిషి ఆదివారం నింపి ఫోటో పంపితే చాలు.

9. రోజులో ఒక్క చిన్న పని

మందుతో పాటు ఇది కావాలి. కౌన్సెలింగ్ దొరికితే మంచిదే. దొరకని ఊళ్లో దీంతో మొదలుపెట్టండి. మనసు బాగైతే పని చేస్తాం అనుకుంటారు గానీ, ఈ జబ్బులో చాలాసార్లు పని ముందు, మనసు వెనక. రోజుకొకటి, చిన్నది, ఒకే వేళకు. పాలప్యాకెట్ ఇంటికి తెప్పించుకోకుండా వీధి చివరిదాకా వెళ్లి తెచ్చుకోవడం. నాన్నయితే పెన్షనర్ల సంఘం ఆఫీసుకు వారానికోసారి. అమ్మయితే దోసావకాయ పాళ్లు మీకు వీడియోలో చూపించడం. నిజంగా పెట్టండి, చెడిందో బాగొచ్చిందో చెప్పండి. ఊరికే ఓదార్పు కోసం అడిగితే వాళ్లకు తెలిసిపోతుంది.

చేయని రోజు గురించి మందలించకండి.

ఇద్దరిలో ఒకరు పోయినప్పుడు

దీనికి వేరే లెక్క. దుఃఖం జబ్బు కాదు. దుఃఖం కెరటాల్లా వచ్చి పోతుంటుంది. మధ్యలో నాన్న వేసిన జోకు గుర్తొచ్చి అమ్మ నవ్వుతుంది కూడా. డిప్రెషన్‌లో ఆ నవ్వు ఉండదు, “నేనే సరిగ్గా చూసుకోలేదు, నేనుండి ఎందుకు” అన్న మాట రోజంతా ఉంటుంది. నెలలు గడుస్తున్నా తిండి, నిద్ర, మనుషులతో మాట నిలదొక్కుకోకపోతే రెండో మెట్టునుంచి మొదలుపెట్టండి.

పెద్దకర్మ దాకా ఇల్లు నిండా జనం. మర్నాటికి కుర్చీలు, సామాన్లు వెనక్కి వెళ్లిపోతాయి, పిల్లలు ఫ్లైటెక్కుతారు. ఏడాది దాకా ఎవరింటికీ వెళ్లకూడదని కొన్ని ఇళ్లలో కట్టడి. పేరంటాలకు పిలవరు. అంటే మనిషికి మనుషులు ఎక్కువగా అవసరమైన ఏడాదిలోనే మన ఆచారం తలుపులు వేస్తోంది. నాకు ఇది నచ్చదు, మార్చుకోవచ్చనే అంటాను. మీ మేనత్తతోనో పెద్దమ్మతోనో ముందే మాట్లాడి, అమ్మను తమ ఇంటికి పిలవమనండి. ఇంటి పెద్దావిడ పిలిస్తే మిగతావాళ్లు నోరెత్తరు. మీరు వెళ్లగలిగితే కర్మలకు రెండు వారాలు ఉండి వచ్చేసే బదులు, అందులో ఒక వారం మిగుల్చుకుని మూడో నెలలో వెళ్లండి.

తరచు జరిగే పొరపాట్లు

“ఆరు నెలలు ఇక్కడికి తెచ్చేసుకుంటాం.” వైద్యం మొదలుపెట్టకుండా డిసెంబరులో చికాగో తీసుకెళ్తే, కారు నడపలేని మనిషి నాలుగు గోడల మధ్య, మీరు ఆఫీసులో, పిల్లలు బడిలో. ముందు గుణం కనిపించనివ్వండి. తర్వాత ఎండాకాలంలో, మందులూ చీటీలూ సరిపడా పెట్టుకుని తీసుకెళ్లండి.

ఇంట్లో కెమెరాలు పెట్టించడం. గుమ్మం దగ్గర ఒకటి, అదీ వాళ్లు ఒప్పుకుంటేనే. పడకగదిలో, హాల్లో పెట్టి “మధ్యాహ్నం మూడింటిదాకా పడుకున్నావేం?” అని అడిగితే కాపలా పెట్టినట్టుంటుంది.

ఫ్యామిలీ గ్రూపులో “అమ్మకు డిప్రెషనట” అని పెట్టడం. తన జబ్బు సంగతి ఎవరికి తెలియాలో చెప్పే హక్కు అమ్మది. 2017 చట్టం కూడా ఆ గోప్యతను హక్కుగా గుర్తించింది.

మోటివేషన్ వీడియోలు ఫార్వర్డ్ చేయడం గురించి ఎక్కువ రాయను. మానేయండి.

గుణం వస్తోందని ఎలా తెలుస్తుంది?

రెండు వారాలకోసారి రెండో మెట్టులోని ప్రశ్నలే మళ్లీ అడిగి పాత మార్కుల పక్కన రాయండి. నెలకోసారి బరువు చూడమనండి. వారానికోసారి నాలుగు సంగతులు రాసుకోండి: ఎన్ని గంటలు పడుకున్నారు, పూటకు సరిగ్గా తిన్నారా, ఎన్నిసార్లు గడప దాటారు, మీతో కాకుండా ఎంతమందితో మాట్లాడారు.

మొదట కుదుటపడేవి ఎక్కువగా నిద్ర, ఆకలి. సంతోషం ఆఖరున వస్తుంది. “నాకేం తేడా లేదు” అని అమ్మ అంటున్నప్పుడే దగ్గరి మనిషి “ఈ వారం తనే కాఫీ పెట్టిచ్చింది” అంటాడు. అప్పుడు రెండో మాటే నమ్మండి. మీరు అడగకుండానే వాళ్లే ఫోన్ చేయడం, పక్కింటివాళ్ల మీద ఫిర్యాదు చెప్పడం, మీ జీతం గురించి ఆరా తీయడం మంచి గుర్తులు.

సరిగ్గా వేసుకుంటున్నా నాలుగు వారాలకు ఇసుమంత తేడా కూడా లేకపోతే ఆరో వారం దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. మోతాదు పెంచడమో మందు మార్చడమో చేస్తారు. మొదటి మందు పనిచేయకపోవడం మామూలే, దాంతో వైద్యమే పనిచేయదని తేల్చేయకండి. తిండి, నీళ్లు మానేసినా, మంచం దిగకపోయినా, ఎవరో తనను ఏదో చేస్తున్నారని అనుమానాలు మొదలైనా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడకుండా అదే రోజు తీసుకెళ్లాలి.

ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు మొదటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి. మూడో రోజు ఫ్రిజ్, మాత్రల డబ్బా, బాత్రూమ్‌లో పట్టుకునే కమ్మీ, రాత్రి దారిలో లైటు చూడండి. తిరుగు ప్రయాణానికి ముందు డాక్టరు దగ్గరికి అమ్మతో కలిసి మీరే వెళ్లండి. తర్వాతి చెకప్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి, మీ ఫోన్‌లో ఇండియా టైముకు అలారం పెట్టుకోండి.